పైడిబాబు రాసిన లోపాల చీటీ

నలభై ఒకటో ఏట సత్యవేణికి కొత్త తలనొప్పి పట్టుకుంది. బిడ్డ కోసం ప్రయత్నించాలా, వద్దా? "సోమవారం వచ్చి ఏ సంగతీ చెప్పండమ్మా, ఇంకా ఆలస్యం చేస్తే కష్టం," అని డాక్టరమ్మ గడువు పెట్టేసింది. చూస్తుండగానే ఆదివారం వచ్చేసింది. ఆలోచన మాత్రం తెమల్లేదు.

అలాగని సత్యవేణి నాన్చుడు మనిషేం కాదు. విజయనగరం నుంచి వచ్చి పద్మారావు నగర్‌లో బ్లౌజుల షాపు పెట్టి పదిహేనేళ్ళయింది. మనిషిని చూడగానే కొలత చెప్పేస్తుంది. నచ్చినవాడు దొరికితేనే పెళ్ళి అని ముప్పై ఎనిమిదేళ్ళదాకా భీష్మించుకుని కూచుంది. చివరికి దొరికాడు పైడిబాబు, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మంచివాడే. నోరు విప్పడు, అదే చిక్కు.

"మీకేం కావాలండీ?" అని ఎన్నిసార్లడిగినా ఒకటే జవాబు: "నీ ఇష్టం, వేణీ." ఒళ్ళు మండిపోయేది ఆవిడకి. బిడ్డ తనొక్కదానికేనా? రేపు పాలసీసా కడగమన్నా నీ ఇష్టమే అంటాడా? అసలు ఇష్టం లేకే తప్పించుకుంటున్నాడేమో! ఆ అనుమానమే లోపల్లోపల తినేస్తోంది.

పొద్దున్నే పక్కింటి జాన్ బీ దగ్గర గోడు వెళ్ళబోసుకుంది.

"ఏందక్కా, గిట్ల పరేషాన్ అయితున్నవ్? కూసోబెట్టి జెర గట్టిగ అడుగు," అని జాన్ బీ నవ్వేసింది.

సరేనని ఇంటికొచ్చి, ఇడ్లీ పళ్ళెం మొగుడి ముందు ఠపీమని పెట్టింది. "నా ఇష్టం గిష్టం కాదు. మీ మాటేటో ఇప్పుడు చెప్పాల్సిందే."

పైడిబాబు చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చాడు. మరమ్మతుకొచ్చిన ప్రతి బోగీకీ ముందు లోపాలన్నీ రాసుకుంటారు వాళ్ళ వర్క్‌షాపులో. ఇరవై రెండేళ్ళ అలవాటు మరి! ఈసారి తనకే రాసుకున్నాడు మహానుభావుడు.

వయసు నలభై ఆరు. బీపీ ఉంది, మందుతో అదుపులో ఉంది. మెట్లెక్కితే కుడి మోకాలు నొప్పి. గురక. బిడ్డ టెన్త్‌కి రాకముందే రిటైర్మెంటు.

సత్యవేణికి నవ్వాగలేదు. "ఏటండీ ఇది? మనిషా, బోగీయా?" అంటూనే ఆఖరి వరుస చదివింది.

'పాప కావాలని చాలా ఉంది. కష్టమంతా వేణిది. అడగడానికి నోరు రావట్లేదు.'

ఆవిడ కళ్ళు నిండాయి. అక్కడే కుర్చీ లాక్కుని కూలబడింది.

"మరి పుట్టకపోతేనో?"

"ఏడుస్తాం," అన్నాడు పైడిబాబు. "తర్వాత ఇద్దరం ఇలాగే ఇడ్లీలు తింటూ దెబ్బలాడుకుంటాం."

ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి ఆవిడకి. "రేపు సెలవు పెట్టండి. ప్రయత్నిస్తామని ఇద్దరం వెళ్ళి చెబుదాం," అని, కాగితాన్ని మళ్ళీ మడతపెడుతూ, "నాకూ కావాలండీ," అంది.

ఇన్నాళ్ళూ ఆయన్ని నిలదీయడమే గానీ, ఆ మాట తనూ ఒక్కసారైనా పైకి అనలేదని అప్పుడు తట్టింది సత్యవేణికి.