కొత్త ఇంట్లో బావ తిన్న పప్పు

బావ పోయాడని ఫోను వచ్చేసరికి నేను కుప్పంలో మా అమ్మాయి ఇంట్లో ఇడ్లీ తింటున్నాను. బావ అంటే మా అక్క భర్త. పుంగనూరులో కాపురం, బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. నిద్రలోనే పోయాడట. "పుణ్యాత్ముడు మామా" అన్నాడు అల్లుడు. తలూపాను. తింటున్న ఇడ్లీ పక్కకు నెట్టేశాను. దానికి దుఃఖం ఒక్కటే కారణమైతే ఈ నాలుగు మాటలు రాసేవాణ్ని కాను.

బావకు యాభై నిండకముందే బీపీ వచ్చింది. డాక్టరు మాత్ర రాసి, ఉప్పు తగ్గించమన్నాడు. అందరికీ చెప్పే మాటే అది, అందరూ విని మరిచిపోయే మాటే. బావ మరవలేదు. పొద్దున్నే చిన్న చెంచాతో ఉప్పు కొలిచి గిన్నెలో వేసి అక్క చేతికిచ్చేవాడు. "ఈ పొద్దుకు ఇంతేమ్మే. సాలకపోతే నిమ్మకాయ పిండు" అనేవాడు. అప్పడం, మిక్చరు, ఊరగాయ ముట్టేవాడు కాదు. టీతో బన్ను ఇస్తే కూడా వద్దనేవాడు.

"తీపి బన్నులో ఉప్పు యాడుంటాది బావా?" అన్నానొకసారి.

"ఉంటాదప్పా. టికెట్టు లేనోడు ఎప్పుడూ వెనక సీట్లో నిద్రపోయినట్టు నటిస్తాడు. వాణ్ని లేపడమే నా ఉద్యోగం."

మాది మదనపల్లె. టమాటా ధర పడిపోయిందంటే తోటలున్న చుట్టాలు బుట్టలకు బుట్టలు తెచ్చి గుమ్మంలో దించిపోతారు. పారేయడానికి మనసొప్పదు. ఇంటింటా ఉప్పేసి ఎండబెట్టి జాడీలు నింపుతాం. నాకు చిన్నప్పుడు ఆకలంటే మా అమ్మ సంగటి ముద్దలో గుంట చేసి ఆ పచ్చడి నింపి ఇచ్చేది. ఆ ముద్ద రుచి గురించి నేను ఒక పూటంతా చెప్పగలను... కథ పక్కదారి పడుతోంది కదూ. నాకది అలవాటే. చెప్పడానికి సిగ్గయ్యే చోటు దగ్గరపడితే మరీ ఎక్కువ.

బావకు బీపీ వచ్చిన కొన్నేళ్లకు నేను మదనపల్లెలో ఇల్లు కట్టి గృహప్రవేశం చేశాను. మా వైపు కొత్త ఇంట్లోకి ముందు వెళ్లేది ఉప్పూ పసుపూ. పంక్తిలో కూర్చుంటే విస్తరి మూలన ముందు వడ్డించేదీ ఉప్పే. బావ తన విస్తరిలో ఉప్పును వేలితో బయటికి నెట్టి, ఆ చోటు నీళ్లతో తుడిచాడు. ఆయన కోసం అక్క పుంగనూరు నుంచి చప్పిడి పప్పు క్యారియర్‌లో తెచ్చుకుంది.

"ఏం బావా, కొత్త ఇంట్లో సప్పిడి కూడు తింటావా? ఇల్లు అచ్చొస్తాదా నాకు?" అన్నాను, పంక్తంతా వినేటట్టు.

"ఇల్లు నీది, ఒళ్లు నాదప్పా" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వు ఆయన వైపు పోవడం నాకు కొంచెం గుచ్చుకుంది.

వంటింట్లోకి వెళ్లి ఆ క్యారియర్ మూత తీసి, చెంచాడు ఉప్పు, దాని మీద ఇంకో అరచెంచా వేసి కలిపాను. నేనే తెచ్చి వడ్డించాను. ఒక పూటకు ఏమవుతుందిలే అనుకున్నాను. ఇంటికి శుభం అని కూడా అనుకున్నాను.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే బావ చెయ్యి ఆగింది. తలెత్తి నన్ను చూశాడు. నేను మీసం కింద నవ్వుతున్నాను. గృహప్రవేశం నాడు చుట్టం సగం విస్తరి మీంచి లేస్తే ఇంటికి ఎంత మాటో ఆయనకు తెలుసు. దించిన తల మళ్లీ ఎత్తకుండా మొత్తం తిన్నాడు. చెయ్యి కడుక్కుని, "ఇల్లు బాగుండాదప్పా" అని బస్సెక్కాడు.

మర్నాడు కళ్లు తిరుగుతున్నాయని ఆసుపత్రికి తీసుకెళ్లారు. మాత్ర పెంచారు. ఎండదెబ్బ అని బావ చెప్పాడట. నేను పండ్లు పట్టుకుని చూడబోయి, ఎండల్ని నేనూ తిట్టి వచ్చాను.

రెండేళ్లకు నాకూ బీపీ బయటపడింది. ఆ వారమే పుంగనూరు బస్సు దిగి బావ మా ఇంటికొచ్చాడు. సంచిలో వేయించిన ధనియాల పొడి, నిమ్మకాయలు, మునగాకు. ఊరగాయ జాడీలు అటక ఎక్కించాడు. మా ఆవిడకు ఉప్పు కొలవడం నేర్పాడు. "పది దినాలు కష్టమప్పా. ఆ తర్వాత వంకాయకు వంకాయ రుచి ఉంటాదని తెలుస్తాది" అన్నాడు. పోతూ పోతూ గుమ్మంలో తిరిగి, "బీపీ తగ్గింది గదా అని మాత్ర మానొద్దు" అన్నాడు. నిజంగానే వంకాయ రుచి తెలిసింది. ఒక్క మాట చెప్పి ఆయన చేతులు పట్టుకోవలసింది. ఊరందరికీ కథలు చెప్పే నోరు, ఆ ఒక్కటీ చెప్పలేకపోయింది.

బావ పోయిన పదకొండో రోజు పుంగనూరులో ఆయన పేరున విస్తరి వేస్తుంటే బంధువొకాయన, "ఊరగాయ కూడా పెట్టండమ్మా, ఇప్పుడేం బీపీ ఆయనకు" అన్నాడు. అక్క గరిటె పట్టుకుని ఆలోచిస్తోంది.

"వద్దక్కా" అన్నాను. పెరట్లోకి పిలిచి, ఆనాటి పప్పు సంగతి మొదలుపెట్టి, పక్కకు పోకుండా చివరిదాకా చెప్పాను.

"రెండు దినాలు గోడ పట్టుకోని నడిచినాడు రా" అంది అక్క. తిడుతుందనుకున్నాను. తిట్టుంటే బాగుండేది.

"పొద్దున మాత్ర ఏసుకుంటివా?" అని అడిగింది.

లేదు, జేబులోనే ఉందన్నాను. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. నా మొహం చూడకుండా, ఎటో చూస్తూ, చెంబు నా వైపు చాచి అలాగే నిలబడింది.