విషం తినే బూజు, రత్నమాల ఉప్పు

ఆ ఆదివారం పొద్దున వీరవెంకటసత్యనారాయణగారు ఫ్రిజ్ కింది అరలో గాజు ఫ్లాస్కు పెట్టి, ‘ముట్టుకోవద్దు’ అని చీటీ అతికించి, కాఫీ అడిగారు. ముందు చేతులు కడుక్కోమంది భార్య రత్నమాల. కడుక్కున్నారు. కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలారు. మళ్లీ లేవలేదు.

ఆయన ఒక ప్రయోగశాలలో ముప్ఫయ్యేళ్లు బూజులు పెంచి రిటైరయ్యారు. అమీర్‌పేటలో వాళ్ల మేడంతా అద్దెకుండి కంప్యూటర్ జావా నేర్చుకునే కుర్రాళ్లు, వంటింట్లో బూజులు. కుర్రాళ్లకంటే ఇవే నయం, వేళకు తింటాయి అనేవారు.

పంజాగుట్టలో నగలకు బంగారు పూత వేసే అబ్దుల్ ఆయనకు పాత స్నేహితుడు. ఆ పనిలో సయనైడ్ వాడతారు. కడిగిన నీళ్లు కాలువలోకి పోతున్నాయని నోటీసు వచ్చింది. బుధవారంలోగా ఆ నీళ్లలో విషం లేదని కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులో చూపించకపోతే దుకాణానికి తాళమే.

అబ్దుల్ కోసం సత్యనారాయణగారు బూజు మచ్చలు పడ్డ జొన్నాకు ఒకటి సంపాదించారు. లేత జొన్న మేస్తే గేదె పోతుంది, ఆకులో సయనైడ్ పుడుతుంది కనుక. మరి అదే ఆకు తినే బూజు ఎందుకు పోదు? దాని ఒంట్లో ఒక ఎంజైము ఉంది. అది సయనైడ్‌కు నీటిని కలిపి, అంత ప్రమాదం లేని ఫార్మమైడ్‌గా మార్చేస్తుంది. ఈ సంగతి ఆయన పాలవాడికి కూడా చెప్పారు.

మొదటి విడత బూజును, పెద్ద పాత్ర లేక, జొన్న గంజి పోసి ఆవకాయ జాడీలో పెంచారు. రత్నమాలది మామిడికాయలకు పేరుపడ్డ తుని. జాడీలో తెల్లటి బూజు కనబడగానే ఆవకాయ పాడైపోతోందనుకుంది. పైన తేలిందంతా తీసేసి, నాలుగు గుప్పెళ్ల ఉప్పు వేసి, నూనె కాచి పోసి, మూతికి గుడ్డ కట్టి డాబా మీద ఎండలో పెట్టింది. ముక్కలేవీ కనబడలేదు, అడుగున ఉంటాయిలే అనుకుంది. ఆయన జాడీలోకి చాలాసేపు చూసి, “ఉప్పు సరిపోయిందా?” అని మాత్రం అడిగారు. తర్వాత, దాచుకున్న చిన్న గొట్టంలోని బూజుతో మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఫ్లాస్కే ఇది.

ఆ ఆదివారం సాయంత్రానికి పరామర్శకు వచ్చిన చుట్టాలతో ఇల్లు నిండింది. మరిది వీర్రాజు మజ్జిగ వెతుక్కుంటూ ఫ్లాస్కు ఎత్తాడు.

“అది పెట్టెయ్ వీర్రాజూ. మీ అన్నయ్యది,” అంది రత్నమాల.

గుమ్మంలో అబ్దుల్ తల వంచుకుని నిలబడ్డాడు. నోటీసు మాటే ఎత్తలేదు. ఆవిడే ఫ్లాస్కు తెచ్చి చేతిలో పెట్టింది.

“ఎలా వాడాలో చెప్పారుగా?”

“చెప్పిండు భాభీ. గాని గిప్పుడా...”

“బుధవారం ఇంకెంత దూరం?”

నీళ్లు పరీక్షలో నెగ్గాయి. గురువారం ఆ మాట చెప్పడానికి వచ్చిన అబ్దుల్‌తో, మొదటి విడతను ఉప్పేసి చంపింది తనేనని రత్నమాల ఒప్పేసుకుంది.

అబ్దుల్ తెల్లబోయాడు. “సార్ వేరే చెప్పిండు భాభీ. వేడి ఎక్కువై బూజు సచ్చింది, గలతీ నాదే అన్నడు. చెంపలు సుత ఏసుకున్నడు.”