కంటికీ నోటికీ పడదు

దసరా మొదలవగానే నా నోటికి బుద్ధి పోతుంది. వేసవిలో మామిడిపండును కూడా వద్దనగలిగిన మనిషిని. సముద్రం మీది గాలి కాస్త చల్లబడిందంటే చాలు, ఏ వీధిలో బెల్లం పాకం ఉడుకుతోందో నా ముక్కు చెప్పేస్తుంది.

స్టీల్‌ ప్లాంటు స్టోర్సులో పనిచేసి రిటైరైన ఈ తాతబాబంటే, గోపాలపట్నంలో పుస్తకాలు చదువుకునే పెద్దమనిషని పేరు. షుగరున్న సంగతీ అందరికీ తెలుసు. నా చేతివాటం మాత్రం మా ఆవిడ జోగమ్మకే తెలుసు. మేనమామ కూతురు కాబట్టి చిన్ననాటి దొంగతనాలతో సహా తెలుసు.

ఈ ఏడు కళ్లలో శుక్లాలు ముదిరాయి. పుస్తకం తెరిస్తే అక్షరాలు పాలలో నానిన అటుకుల్లా ఉబ్బిపోయేవి. చూశారా, ఉపమానం కూడా తిండే. చదవలేకపోతే నాకిక మిగిలేదేమీ లేదు. నలుగురిలో కూర్చుని కబుర్లు చెప్పడం చేతకాదు.

"షుగర్‌ తగ్గితేనే ఆపరేషన్‌" అంది డాక్టరమ్మ సత్యశ్రీ. దసరాకి పూర్ణాలు అడ్డొచ్చాయి. దీపావళికి మిఠాయి పెట్టెలు అడ్డొచ్చాయి. కార్తీక పౌర్ణమి దాటాక మళ్లీ పరీక్ష.

"ఈసారి గాని సుగరెక్కిందంటే సూడు బావా, పేపరు కూడా సదివి పెట్టను నాను," అంది జోగమ్మ.

నాగులచవితినాడు పుట్టలో పాలు పోశాం. చిమ్మిలి ప్రసాదం పంచుతుంటే పక్కింటి గవర్రాజు నా తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు.

"పెసాదానికి సుగరేటక్కా, బావకి ఓ ముద్దెట్టు."

"మీ బావకి కళ్లు నువ్వు తెచ్చిత్తావేట్రా?" అని జోగమ్మ గిన్నె మూత పెట్టేసింది.

మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తోంది. నేను పిల్లిలా వంటింట్లోకి వెళ్లాను. దేవుడి గూట్లో, ఆకులో, నల్లగా, తడిగా, ముద్దగా ఉంది. నల్లనువ్వుల చిమ్మిలి! భక్తితో కళ్లు మూసుకుని నోట్లో వేసుకున్నాను. కళ్లు తెరిచినా పెద్ద తేడా ఉండేది కాదు.

కరకరలాడింది. బెల్లం తగ్గిందనుకున్నాను. ఇంకోసారి నమిలాక, అసలు వెయ్యలేదని తెలిసింది.

"ఏటి నముల్తన్నావు బావా?"

వెనకాల జోగమ్మ. ఆవిడ గూట్లోకి చూసింది, నా పెదాలు చూసింది.

"ఓలమ్మో! సెవులకి రాసుకోడానికి పుట్టమన్ను తెత్తే మింగేత్తన్నావేటి!"

నవ్వి నవ్వి గోడకి జారగిలబడింది. ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది.

"మన్నుకీ సిమ్మిలికీ తేడా కంటికి ఆనట్లేదా నీకు?" అంది మెల్లగా.

ఆవిడే నీళ్లచెంబు అందించింది.

అసలు చిమ్మిలి గిన్నె అంతకుముందే గవర్రాజు ఇంటికి వెళ్లిపోయింది. ఆ తరవాత ఏ తీపి తలచుకున్నా పంటి కింద మన్ను కరకరలాడేది. పౌర్ణమి దాటేసరికి షుగర్‌ దిగింది.

"ఏం చేశారు?" అని ఆశ్చర్యపోయింది డాక్టరమ్మ.

"మన్ను తిన్నాడమ్మా," అంది జోగమ్మ.

కుడికన్నుకు ఆపరేషనయింది. చలి ముదిరేవేళకి అక్షరాలు మళ్లీ సన్నబడి, నల్లగా, వరసలో నిలబడ్డాయి. కళ్లనీళ్లొచ్చాయి. ఒక పేజీ చదివి తలెత్తాను. నా కంటికి ఇంకా ఆనదనే ధైర్యంతో పుస్తకాల అల్మరా మీదే పెట్టింది జోగమ్మ, అరిసెల డబ్బా. మూత మీది నెయ్యి మరకతో సహా కనిపించింది.

ఎడమకన్ను ఇంకా మిగిలే ఉంది. దానికీ షుగర్‌ దిగాలి.

కొత్త కన్ను మూసి, పాత కంటితో చూశాను. డబ్బా లేదు. ఆ రోజంతా పుస్తకాన్ని కొత్త కంటితోనూ, అల్మరాను పాత కంటితోనూ చూసుకుంటూ గడిపాను.