చిన్నాయన పెట్రోలు విమానం

మా వీధిలో గడ్డి కోసే మిషన్ తాడు లాగినప్పుడల్లా, పెట్రోలూ ఆయిలూ కలిసి కాలే ఆ పొగ వాసనకు నేను చేస్తున్న పని వదిలేస్తాను. ఇంట్లోవాళ్లు కిటికీలు మూస్తారు, నేను వెనకే వెళ్లి తెరుస్తాను.

పాల్వంచ కాలనీలో మా ఎండాకాలాలు, ఆరబెట్టిన వడియాల మీద రాలే థర్మల్ స్టేషన్ బూడిద, గంపల్లో అమ్మకానికొచ్చే తునికి పండ్లు, తెల్లవారుజామున అడవి వైపు నుంచి తేలివచ్చే ఇప్పపూల మత్తు వాసన, వీటన్నిటి మధ్య మా చిన్నాయన బొమ్మ విమానంతో గడిచాయి. ఆయన ప్లాంటు వర్క్‌షాపులో పనిచేసేవాడు. పెళ్లి మాటెత్తితే నవ్వేసి, జీతమంతా బొంబాయి నుంచి తెప్పించిన, విమానాన్ని కింద నుంచే నడిపే రేడియో సెట్టుకూ, పిడికెడంత పెట్రోలు ఇంజన్‌కూ పోసేశాడు. రెక్కలు తనే చెక్కి అతికించాడు. అంతా బాగుంది, ఇంజనే జగమొండి. చోక్ మూసి, వేలికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకొని ముందున్న పంకా తిప్పితే, ఒక్క దగ్గు దగ్గి ఊరుకునేది. పెట్రోలు ఎక్కువ తాగిందంటే ప్లగ్గు విప్పి, తుడిచి, ఊది, మళ్లీ మొదటికే.

"నీ విమానం కంటే మా కోడిపెట్ట నయం, గోడన్న ఎక్కుతది" అని అమ్మ ఏడిపించేది.

పంకా తిప్పేటప్పుడు విమానం కదలకుండా తోక పట్టుకునే పని మా అక్కది. అక్కకు పుట్టుకతోనే చెవులు వినబడవు, కాలనీ పిల్లలు ఆటల్లో చేర్చుకునేవాళ్లు కాదు. అమ్మకేమో భయం.

"పిల్లకు ఇనబడదు, పంకా తగిల్తే ఎట్లయ్యా?"

"ఇనబడకుంటే ఏంది వదినా? స్టార్టయితే మనకంటే ముందుగాల దాని చేతులకే తెలుస్తది."

ఇంతలో చిన్నాయనకు ట్రాన్స్‌ఫర్ అయింది. వెళ్లే ముందురోజు సాయంత్రం గ్రౌండుకు పోయాం. ఒక్కసారీ ఎగరని విమానాన్ని కాలనీ వదిలేలోపు ఎగిరించాలని ఆయన పంతం. తిప్పగా తిప్పగా వేళ్లు కమిలిపోయాయి. ఉన్నట్టుండి ఇంజన్ అందుకుంది. ఎర్రదుమ్ము లేచింది. చిన్నాయన రేడియో డబ్బా పట్టుకొని, అక్క తోక వదలడానికి గుర్తుగా చేయెత్తాడు.

అక్క చూడలేదు. కళ్లు గట్టిగా మూసుకొని, ఆ అదురు చేతుల్లోంచి ఒళ్లంతా పాకుతుంటే నవ్వుతోంది. ఇంట్లో మేమెవరం ఆమె మొహంలో అంత సంతోషం ఎప్పుడూ చూడలేదు. నేను వెళ్లి భుజం తట్టబోయాను.

"ఉండనియ్యిరా" అన్నాడు చిన్నాయన.

ట్యాంకులో పెట్రోలు అయిపోయి ఇంజన్ ఆగేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత డబ్బా సంచిలో పెట్టుకుంటూ, "ఇయ్యాల గాలి మంచిగ లేదులే" అన్నాడు. చుట్టుపక్కల ఒక్క ఆకూ కదలడం లేదు.

ఆ గ్రౌండు నిండా ఇప్పుడు ఇళ్లే. చిన్నాయన పోయాడు, విమానం ఎవరి అటక మీద చెదలు పట్టిందో తెలియదు. అక్కను అడిగితే మాత్రం, అది చెట్లు దాటి ఎగిరిందని చేయి ఎత్తి చూపిస్తుంది. నేనూ అవునంటాను.