భాగ్య కొడుకు తూకం

నంద్యాల కొత్త జిల్లా అయిన ఏడాది ఎండాకాలంలో నేను ఆళ్లగడ్డలో, శిల్పుల ఇళ్లు ఎక్కువగా ఉన్న ఒక వీధి అంగన్‌వాడీలో ఆయాగా పనిచేస్తున్నాను. మా శాఖలో కేంద్రానికి పెద్ద టీచరు. టీచర్ల మీద సూపర్‌వైజరు, సూపర్‌వైజర్ల మీద ప్రాజెక్టు అధికారి. టీచరు కింద ఆయా. ఆయా కింద పొయ్యి ఒక్కటే. వంట, ఊడ్పు, పిల్లల్ని ఇళ్లనుంచి పిల్చుకురావడం, తూకం రోజున కాటా మోయడం నా పనులు.

ఉద్యోగంలో చేరినప్పుడు నాకు అక్షరాలు రావు. గోడమీది అఆలకు పట్టిన దుమ్ము తుడుస్తూ, పిల్లల వెనక కూర్చుని, నడివయసు దాటాక నేర్చుకున్నాను. పిల్లలు ఏటా పెద్ద బడికి వెళ్లిపోయేవారు. నేను అదే తరగతిలో ఉండిపోయేదాన్ని కాబట్టి నాకు గట్టిగానే వచ్చాయి.

తూకం గురించి కొంచెం చెప్పాలి. మా దగ్గర ఉన్నది వేలాడే కాటా. పైన కొక్కెం, మధ్యలో గడియారం లాంటి ముఖం, కింద గుడ్డ ఉయ్యాల. దూలానికి తగిలించి, ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసి, పసిబిడ్డను ఒంటిమీద బట్ట లేకుండా ఉయ్యాలలో పడుకోబెట్టాలి. ముల్లు ఊగడం ఆగాక టీచరు చదివి పటంలో చుక్క పెడుతుంది. నెలనెలా చుక్కలు కలిపితే వచ్చే గీత పైకి పోతే బిడ్డ ఎదుగుతున్నట్టు. అడ్డంగా పోయినా, కిందికి దిగినా మా గుండెలు జారతాయి.

ఆ ఎండాకాలం మా వీధికి వచ్చిన బాలింత భాగ్య. తొలి కాన్పుకు నంద్యాల అత్తగారింటి నుంచి పుట్టింటికి వచ్చింది. వాళ్ల నాయన బ్రహ్మయ్య నందుల్ని చెక్కడంలో పేరున్న మనిషి. వాళ్లమ్మ నారాయణమ్మకు బాలింత పథ్యాలన్నీ కంఠతా వచ్చు. భాగ్యకు కొడుకు పుట్టి ఇంటికి రాగానే టీచరూ నేనూ కాటా తీసుకుని వెళ్లాం.

బిడ్డ దుప్పటి విప్పడానికి నారాయణమ్మ ఒప్పుకోలేదు. "తొట్లె కూడా కట్టలే. అప్పుడే బిడ్డను బయటోళ్ల ముందర గుడ్డలిప్పేదా? దిష్టి తగల్దా?" అంది. ఇలాంటి ఇళ్లకు మాకొక పద్ధతి ఉంది. బిడ్డను చుట్టిన గుడ్డతోనే తూచి, తర్వాత ఆ గుడ్డను విడిగా తూచి, ఆ బరువు తీసివేయాలి. నారాయణమ్మ లోపలికి పోయి బిడ్డను మూటలా చుట్టి తెచ్చింది. తూచాక మళ్లీ లోపలికి పోయి దుప్పటి ఒక్కటీ తెచ్చి ఇచ్చింది. లెక్క కట్టి టీచరు మురిసిపోయింది. ఆ వీధిలో అంత మంచి తూకంతో మొదలైన బిడ్డ ఈ మధ్య లేడు.

వాకిట్లో బ్రహ్మయ్య మాత్రం చిరాకుగా తిరుగుతున్నాడు. "నా పెద్ద ఉలి యాడ పెట్టినారు? ఇప్పుడే ఈడ పెట్టింటి. మా నాయన చేతి ఉలి అది!" అని. పక్కింటి శిల్పి మీద అనుమానపడి, ఆయనతో మాటలు కూడా మానేశాడని తర్వాత తెలిసింది.

తర్వాతి తూకం రోజు నాటికి భాగ్యే బిడ్డను ఎత్తుకుని కేంద్రానికి వచ్చింది. బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్లె పండుగ అయిపోయింది కాబట్టి ఈసారి దిష్టి గొడవ లేదు. బట్టలు తీసి పద్ధతిగా తూచాం. ముల్లు పాత చోటికి వెంట్రుకవాసి ఇవతలే ఆగిపోయింది. టీచరు ముల్లు తట్టి చూసింది, సున్నా సరిచూసింది, మళ్లీ తూచింది. అంతే. గీత కిందికి చూస్తోంది.

ఆ మాట మాకంటే ముందే ఇంటికి చేరింది. అదే రోజు నంద్యాల నుంచి భాగ్య అత్తగారు సావిత్రమ్మ మనవణ్ణి చూడ్డానికి వచ్చి ఉంది. మర్నాడు పొద్దున మేము వెళ్లేసరికి ఆ ఇంట్లో రెండు రాజ్యాలు ఏర్పడి ఉన్నాయి. బిడ్డ తూకం పెరగకపోతే ముందు తల్లి పళ్లెం చూడాలని మా శిక్షణలో చెబుతారు. తిండి, నీళ్లు, నిద్ర, ఇంట్లో పోరు, అన్నీ అడగాలి. ఏదీ అడగాల్సిన అవసరం రాలేదు. వియ్యపురాళ్లే ఒకరి మీద ఒకరు చెబుతున్నారు.

"ఈ ఎండల్లో పిల్లకు గుక్కెడు నీళ్లు ఇయ్యకుండా, కారం, ఎల్లిపాయ మెక్కిస్తాండావు వదినా. పాలెట్లొస్తాయి? బాలింతా, ఊరమిరపకాయా?" అంది సావిత్రమ్మ.

"మా యవ్వ కాలం నుంచి ఇదే తినిపిస్తాండాం. మేమంతా బతకలేదా? నువ్వు ఫోను చూసి నేర్చుకుంటివి, నేను కనీ పెంచీ నేర్చుకుంటిని," అంది నారాయణమ్మ.

సావిత్రమ్మ సంచిలోంచి పాలపొడి డబ్బా తీసి గూట్లో పెట్టింది, దేవుడి పటం పెట్టినంత నిదానంగా. పక్కనే పాలసీసా. సాయంత్రానికి తల్లీబిడ్డను నంద్యాలకు తీసుకుపోతానని, ఆటో కూడా మాట్లాడానని చెప్పింది. ఈ మాటకు నారాయణమ్మ ఎగిరి పడుతుందనుకున్నాను. పడలేదు. తూకం పెరగలేదన్నది ఆమెకూ తెలుసు కదా. తలకొంగు సర్దుకుని, "డబ్బా పాలు ఒక పూటే అయితే..." అని నసిగింది. రెండు రాజ్యాలూ ఆ డబ్బా దగ్గర ఒకటైపోయాయి.

మిగిలింది భాగ్య. ఇంటి పోరుకు నిద్రలేక కళ్లు గుంటలు పడ్డాయి గానీ, బిడ్డను మాత్రం ఒడిలోంచి దించలేదు. "సీసా ఇయ్యను. పిల్లోడు పెరిగినాడు," అంది.

"కాటా పెరగలేదని చెప్తాంది కదమ్మా," అంది అత్త.

"నా చెయ్యి చెప్తాంది అత్తా. రోజూ మోసేది నేను, కాటా కాదు." బిడ్డ చెయ్యి పట్టి చూపించింది. తొట్లె నాడు వేసిన నల్లగాజులు అప్పుడు జారిపోతుంటే దారం చుట్టారు. ఇప్పుడు దారం తీసేసినా బిగుసుకుంటున్నాయి. నిన్న ఒకటి కొబ్బరినూనె రాసి తీయాల్సి వచ్చింది. ఆరేసిన పొత్తిగుడ్డలతో దండెం నిండిపోయి ఉంది. పాలు చాలని బిడ్డ అన్ని గుడ్డలు తడపడు.

టీచరు ముఖం చూశాను. ఆమె నా ముఖం చూసింది. కాటాను నమ్మాలా, తల్లి చేతిని నమ్మాలా? పటం ఒకటి చెబుతోంది, గాజులు ఇంకొకటి చెబుతున్నాయి.

దారి భాగ్యే చూపించింది. "మొదటి తూకం ఎట్ల తూచినారో అట్లనే తూచండి. అదే దుప్పటి, అదే చుట్టుడు. అప్పుడు పెరగకపోతే నేనే ఆటో ఎక్కుతా." టీచరుకు ఇది సబబుగా తోచింది. తూకం పోల్చాలంటే రెండుసార్లూ ఒకే తీరున తూచాలన్నది మా పనిలో మొదటి పాఠం. నేను తొట్లె కొక్కేనికి కాటా తగిలించి సున్నా సరిచేశాను.

భాగ్య దుప్పటి వాళ్లమ్మ చేతికిచ్చింది. "ఆ పొద్దు ఎట్ల చుట్టినావో అట్లనే చుట్టమ్మా."

నారాయణమ్మ దుప్పటి పట్టుకుని నిలబడిపోయింది. మడత పెట్టింది, విప్పింది. "అట్ల చుట్టనీకె కాదులే," అంది మెల్లగా.

"యాల కాదు?"

"అదిప్పుడు లేదు."

"ఏది?"

నారాయణమ్మ నేల చూపులు చూసింది. "మీ నాయన చేతిలో ఉండాది."

అందరం వాకిట్లోకి తిరిగాం. బ్రహ్మయ్య నంది మెడ మీద పెద్ద ఉలి ఆనించి, సుత్తి పైకెత్తి ఉన్నాడు. అందరూ తననే చూస్తున్నారని తెలిసి అట్లాగే ఆగిపోయాడు. "ఏందీ? నేనేం చేస్తి?" అన్నాడు.

పసిబిడ్డ దగ్గర ఇనుము ఉంచితే గాలీ ధూళీ, దిష్టీ దగ్గరికి రావని మా వైపు నమ్మకం. మామూలు ఇళ్లలో తాళంచెవో, చాకో దిండు కింద పెడతారు. శిల్పి ఇంట్లో చేతికి అందేది ఉలి. బయటివాళ్లం ఇద్దరం ఒకేసారి ఇంట్లోకి వచ్చామని నారాయణమ్మ రాళ్లు పగలగొట్టే లావుపాటి ఉలినే దుప్పటి మడతలో, బిడ్డ కాళ్ల దగ్గర దోపింది. దుప్పటి విడిగా తూచడానికి ఇచ్చేటప్పుడు తీసి బియ్యం డబ్బాలో దాచి, తర్వాత ఎవరూ చూడకుండా ఆయన పనిముట్ల మధ్య పెట్టేసింది. తీసివేతలో దుప్పటి పోయింది, ఉలి మిగిలింది.

"నా ఉలి మూట కడితివా? నేను పక్కింటన్నతో మాటలు మానుకుంటినే!" అని బ్రహ్మయ్య సుత్తి కింద పెట్టాడు.

టీచరు ఉలిని తెప్పించి, గుడ్డ ఉయ్యాలలో పడుకోబెట్టి తూచింది. నా ఉద్యోగంలో కాటా ఎక్కిన ఉలి అదొక్కటే. ఆ బరువు పాత తూకంలోంచి తీసి చుక్క మార్చి చూస్తే గీత నిచ్చెన వేసినట్టు పైకి పోయింది. సావిత్రమ్మ అప్పటిదాకా బిగబట్టుకున్న నవ్వు వదిలేసింది. "టీచరమ్మా, ఆ ఉలి పేరు కూడా రాసుకోండి. దానిక్కూడా గుడ్లు ఇద్దురు గానీ. పాపం, పుట్టినప్పట్నుంచీ ఒకటే తూకం, ఎదుగుదల లేదు," అంది. నారాయణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోపానికో నవ్వుకో మొదట తెలియలేదు. భుజాలు కదిలాక తెలిసింది.

ఆ నవ్వులోనే టీచరు చెంబెడు నీళ్లు తెప్పించి భాగ్య చేతికిచ్చింది. ఎవరూ అడ్డం చెప్పలేదు. వెల్లుల్లి కారం ఉంచుకోండి, దానితోపాటు ఆకుకూర, పప్పు, గుడ్డు పెట్టండి, పగలు బిడ్డ నిద్రపోయినప్పుడు తల్లినీ పడుకోనివ్వండి అని చెప్పింది. అవ్వలిద్దరికీ చెరొక పని దొరికింది. ఒకరు వంట, ఒకరు బిడ్డ గుడ్డలు. మూడు రోజులుంటానని సావిత్రమ్మ ఆటోకు ఫోను చేసి రావద్దంది.

మేము బయల్దేరుతుంటే ఆమె డబ్బాను గూట్లోంచి తీసి సంచిలో పెట్టుకుంటూ, నాకు మాత్రమే వినిపించేలా అంది: "నా కొడుకప్పుడు మా యత్త పాలు చాల్లేదనె, నేను మాన్పిస్తి. చాలినాయో లేదో నన్నెవరూ అడగలే ఆయమ్మా. నేనూ చెప్పలే." తర్వాత గూడు చీరకొంగుతో తుడిచింది.

నేను ఉద్యోగం మానే వరకూ ఆ తర్వాత రెండు పనులు తప్పలేదు. మూటతో తూచాల్సివస్తే, సున్నా చూసినట్టే మూట మడతలు కూడా తడిమి చూసేదాన్ని. తాళంచెవులు చాలా దొరికాయి. ఒకసారి అట్లకాడ దొరికింది. రెండోది, కాటా తగిలించే ముందే తల్లిని అడిగేదాన్ని, బిడ్డ పోయిన నెలకంటే బరువయ్యాడా, తేలికయ్యాడా అని. ఆ జవాబుకు పటంలో గడి లేదు. కానీ తల్లి మాట, ముల్లు మాట కలవకపోతే తల్లిని తప్పుపట్టే ముందు మూట విప్పి చూడాలి.

బ్రహ్మయ్య ఆ ఉలికి ఇప్పుడు తాడు కట్టి గోడకు తగిలించుకున్నాడు.