ముందు కత్తి తిరిగిచ్చెయ్యాల

ఈ ఉదయం పప్పులోకి పోపు వేస్తుంటే ఎండుమిరపకాయ నూనెలో మాడి ఇల్లంతా ఘాటు కమ్మేసింది. మా ఆయన హాల్లోంచి దగ్గుతూ, "ఇంట్లో మనుషులున్నారమ్మా!" అని కేకేశారు. నేను మాత్రం కిటికీ తీయకుండా ఒక్క క్షణం అలాగే నిలబడ్డాను. బల్ల మీద నా కొత్త నవల ప్రూఫులున్నాయి. రాజులు, మాంత్రికులు, రాజును కంటికి రెప్పలా కాచే అంగరక్షకులు, నేను రాసేవన్నీ అవే. ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరు అడుగుతారు, ఏ కోటలోనూ కాపలా కాయని నాకు ఆ కాపలావాళ్ల మనసు ఎలా తెలుసని. నవ్వి ఊరుకుంటాను. నాకు తెలిసిన అంగరక్షకురాలు ముక్కుకు గుడ్డ కట్టుకుని, కొంగు నడుముకు బిగించి, మిరపకాయల గుట్టల మధ్య తిరిగేది. ఆమె పేరు సుగుణమ్మ. అందరూ సుగుణక్క అనేవారు.

తొంభైల చివరి మాట. ఇంటర్‌లో లెక్కల పేపరు తప్పి, ఇంట్లో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరుగుతున్నాను. గుంటూరు నుంచి పెదకాకాని వెళ్లే దారిలో కోటయ్యగారి మిర్చి షెడ్డు ఉండేది. అక్కడ ఇరవై మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని కాయలకు తొడిమలు తీసేవారు. మా అమ్మ నన్ను తీసుకెళ్లి, "తిని కూర్చుంటే పిచ్చి ఆలోచనలొస్తాయి, నీ దగ్గరుంచుకో" అని సుగుణక్కకు అప్పజెప్పింది. ఆమె ఆ షెడ్డుకు మేస్త్రి. అక్షరమ్ముక్క రాదు, కానీ హాజరు పుస్తకంలో ఏ పేరు ఎన్నో గీత మీద ఉందో తెలుసు. పేరు పిలిచి, టిక్కు పెట్టి, తాళంచెవి బొడ్లో దోపుకునేది. మొదటిరోజే నా సంచిలోంచి అద్దె పుస్తకం బయటపడింది. నన్ను తిడుతుందనుకున్నాను. "ఊరికే లోపల్లోపల చదువుకుంటే మాకేం ఒరుగుద్ది? పైకి చదువు" అంది.

అలా నాకు కొత్త ఉద్యోగం దొరికింది. గుమ్మం పక్కన, గాలి తగిలేచోట ఒక పీట వేశారు. నేను చదవాలి, వాళ్లు వినాలి. నా వంతు పని ఆగకుండా ఒక్కొక్కరూ తాము తొడిమ తీసిన కాయల్లోంచి రెండేసి దోసిళ్లు నా గంపలో పోసేవారు. మొదటి దోసిలి ఎప్పుడూ సుగుణక్కదే. రోజంతా ఆ కాయలతో వాళ్ల చేతులు నిప్పులంటుకున్నట్టు మండేవి, రాత్రిళ్లు పిల్లల్ని కూడా ముట్టుకోలేకపోయేవారు. నా చేతులు మాత్రం పుస్తకం అట్ట మీద చల్లగా ఉండేవి. చదువుకున్నదాన్ని, నాకు ఇది దక్కాల్సిందే అనుకున్నాను. ఆ వయసులో నాకు పొగరు కాస్త ఎక్కువే.

ఆ పుస్తకంలో కథానాయకుడు ధ్వజకేతు, మహారాజుకు అంగరక్షకుడు. నీ మాట ఏనాడూ జవదాటనని రాజుకు ప్రమాణం చేశాడు. నీ బిడ్డను కాపాడతానని చనిపోతున్న రాణికి మాట ఇచ్చాడు. మాంత్రికుడు ఏదో జోస్యం చెప్పి రాజు మనసు విరిచేస్తాడు. రాజు తన కత్తినే ధ్వజకేతు చేతికిచ్చి, పసివాణ్ణి అడవికి తీసుకెళ్లి ఒంటరిగా తిరిగి రమ్మంటాడు. ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో బిడ్డ, అర్ధరాత్రి, ఏటి ఒడ్డు. అంతే. తర్వాతి పేజీలు లేవు! అద్దె పుస్తకాలకు ఈ రోగం ఉండేది, ఎవరో మహానుభావులు చివరి పేజీలు చింపుకుని పోయేవారు. షెడ్డు షెడ్డంతా గొల్లుమంది.

"రాజునే ఏసెయ్యాల! కన్నబిడ్డని చంపమన్నోడు రాజెట్టా అవుతాడు?" అంది ఒకామె.

సుగుణక్క చేతిలో కాయ పక్కన పెట్టింది. "రాజుగారిచ్చిన కత్తితో రాజుగార్నే ఎట్టా నరుకుతాడే? ముందు కత్తి తిరిగిచ్చెయ్యాల. ఆ తర్వాత ఆయన మాట కాదన్నా తప్పు లేదు."

"కత్తి ఇచ్చేస్తే బిడ్డని దేంతో కాపాడతాడక్కా?" అన్నాను, పెద్ద తెలిసినదానిలా.

"కత్తి లేకపోతే చేతుల్లేవా?" అంది, తిరిగి కాయ అందుకుంటూ. నాకు ఆ సమాధానం చిన్నపిల్లల మాటలా అనిపించింది. నవ్వాను కూడా.

సుగుణక్కకు కోటయ్యగారంటే ప్రాణం. ఎప్పుడో ఆమె కొడుక్కి పాము కరిస్తే ఆయన తన జీపులో గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్లి, రెండు రోజులు బెంచీ మీదే కూర్చున్నాడట. ఈ షెడ్డులో మేస్త్రిగా ఉన్నంతకాలం మీ మాటకి ఎదురు చెప్పనని ఆ రోజే అంది. రోజూ మధ్యాహ్నం మంచినీళ్ల గ్లాసుతో ఆయన బల్ల దగ్గరకు వెళ్లి, "బిళ్ల ఏసుకున్నారా అయ్యా?" అని అడిగేది. ఆయనకు బీపీ. ఆమె అడగకపోతే మర్చిపోయేవాడు. మరోవైపు రత్నం. ఆమె మొగుడు పని వెతుక్కుంటూ దాచేపల్లి వైపు వెళ్లి మళ్లీ మొహం చూపలేదు. ఏడో నెల. కాన్పుదాకా ఈ కూలే ఆధారం. సీజను అయ్యేదాకా నా పక్కన కూర్చోబెట్టుకుంటాను, పూచీ నాది అని ఆమె తల్లికి సుగుణక్క మాటిచ్చి తీసుకొచ్చింది.

మేం ధ్వజకేతు గురించి కొట్టుకున్న సాయంత్రమే కోటయ్యగారు సుగుణక్కను పిలిచాడు. "రత్నాన్ని రేపట్నుంచి రావద్దని చెప్పు. ఈ ఘాటులో ఏదన్నా అయితే ఎవరు సమాధానం చెప్పాలి?"

"సీజను ఇంకో మూడు వారాలేగా అయ్యా."

"చెప్పాను కదా సుగుణమ్మా." ఆయన చెడ్డవాడు కాదు. భయపడ్డాడు, అంతే. కానీ ఆ భయానికి రత్నం కూలి పోతుంది. ఆమె తల వంచుకుని తొడిమలు తీస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున సుగుణక్క షెడ్డు తాళం తీసి, లోపలికి రాకుండా నేరుగా కోటయ్యగారి బల్ల దగ్గరకు వెళ్లింది. తాళంచెవి, హాజరు పుస్తకం పక్కపక్కన పెట్టింది. "మేస్త్రిగా మీ మాట కాదననని చెప్పానయ్యా, అనలేను. రత్నం తల్లిక్కూడా మాటిచ్చాను. అందుకని ఇయ్యి మీకిచ్చేస్తన్నా. ఇయ్యాళ్టి నుంచి నేను కూలిదాన్ని."

"అంటే, నన్ను కాదంటున్నావా?" అన్నాడాయన.

"మిమ్మల్నెట్టా కాదంటానయ్యా?" అని, వచ్చి వరసలో రత్నం పక్కన కూర్చుంది.

కోటయ్యగారికి ఉక్రోషం వచ్చింది. చుట్టూ చూసి నన్ను పిలిచాడు. "వాణీ, నువ్వు చదువుకున్నదానివి. నువ్వే మేస్త్రివి. రత్నం పేరు కొట్టేసి మిగతావాళ్లను పిలువు." రాస్తే సిగ్గు, దాచుకుంటే తప్పు, కనుక రాస్తున్నాను. నాకు సంతోషం వేసింది. పరీక్ష తప్పిన పిల్ల అని నలుగురూ అంటున్న రోజుల్లో ఒక పెద్దమనిషి నన్ను పిలిచి పదవి ఇచ్చాడు. పుస్తకం తీసుకున్నాను. రత్నం పేరు మీద గీత కొట్టాను. పేర్లు గట్టిగా పిలిచాను. పేరు రాకపోయేసరికి రత్నం లేవబోయింది. సుగుణక్క ఆమె చెంగు పట్టుకుని కూర్చోబెట్టింది. తన పేరు వచ్చినప్పుడు మాత్రం అందరిలాగే "ఆఁ" అంది. ఆ "ఆఁ"లో కోపం లేదు, వెటకారం లేదు. మేస్త్రి పిలిస్తే కూలిమనిషి పలకాలి కనుక పలికింది. అది నన్ను కొట్టినట్టు తగిలింది.

మధ్యాహ్నం అలవాటు ప్రకారం వెళ్లి నా పీట మీద కూర్చున్నాను. ఎవరూ చదవమనలేదు. నా గంప ఖాళీగా ఉంది. అప్పుడు సుగుణక్క లేచి వచ్చి, రోజూలాగే మొదటి దోసిలి నా గంపలో పోసింది. "చదువమ్మా" అంది. పేజీలు అయిపోయాయని ఆమెకూ తెలుసు. నాకు ఏడుపు ఆగలేదు. ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా లేచి, రత్నాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, నా పీట మీద కూర్చోబెట్టాను. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. నవల ఆమె ఒళ్లో పెట్టి, మొదటి పేజీ తీశాను. హాజరు పుస్తకంలో అడుగున ఆమె పేరు మళ్లీ రాసి, కోటయ్యగారి బల్ల మీద పెట్టాను.

"నాకొద్దండి. రత్నం మిరపకాయ ముట్టుకోదు. గుమ్మం దగ్గర గాలికి కూర్చుని చదువుతుంది. ఆమె కాయలు నేను తీస్తాను."

ఆయన నన్ను చూడలేదు. నా వెనక మంచినీళ్ల గ్లాసుతో నిలబడిన సుగుణక్కను చూస్తున్నాడు. "బిళ్ల ఏసుకున్నారా అయ్యా?" అందామె. ఆయన గ్లాసు అందుకుని, బిళ్ల మింగి, "చదవనీ" అన్నాడు. తాళంచెవిని గోడ మేకుకి తగిలించాడు. సీజను అయ్యేదాకా అది అక్కడే ఉంది. ముందొచ్చినవాళ్లు తీసేవారు. మేస్త్రి లేకుండానే పని నడిచింది.

రత్నం కూడబలుక్కుంటూ చదివేది. ఒక్కో మాట దగ్గర ఆగితే ఇరవై మందీ ఓపిగ్గా ఆగేవారు. నా చేతులు ఆ సాయంత్రానికే భగభగ మండాయి. సుగుణక్క తన క్యారేజీలో మిగిలిన మజ్జిగ నా అరచేతుల్లో పోసి, నెమ్మదిగా రుద్దింది. తప్పు చేశానక్కా అన్నాను. "పుస్తకం తిరిగిచ్చేశావుగా. మంట రేపటికి తగ్గుద్దిలే" అంది.

నేను తర్వాత పరీక్ష పాసయ్యాను, చదువుకున్నాను. రెండు వేల సంవత్సరం దాటాక నా మొదటి నవల అచ్చయింది. అందులో నా అంగరక్షకుడు కత్తి తిరిగిచ్చేసి, వట్టి చేతులతో బిడ్డను ఎత్తుకుని ఏరు దాటుతాడు. పుస్తకం తీసుకుని సుగుణక్క ఇంటికి వెళ్లి, ఆమె మంచం పక్కన కూర్చుని చివరి అధ్యాయం చదివి వినిపించాను. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. ఆమె కళ్లు మూసుకుని వింది. కోటయ్యగారు పోయి అప్పటికి ఏడాది.

"కత్తి తీసుకున్నాక రాజుగారు ఏం చేశాడు?" అని అడిగింది.

"అది రాయలేదక్కా."

"రాయాల్సింది. ఒక్కడే అయిపోయుంటాడు పాపం."

సుగుణక్క ఇప్పుడు లేదు. ప్రూఫుల్లో చివరి పేజీ ఇవాళ సరిచూసుకున్నాను. ఖాళీ అయిన కొలువులో, ఒళ్లో తన కత్తి పెట్టుకుని రాజు కూర్చుని ఉంటాడు. తలుపు తోసుకుని ఆయుధం లేని మనిషి ఒకడు లోపలికి వచ్చి, చేతిలోని నీళ్ల గ్లాసు ఆయనకు అందిస్తాడు. మందు వేసుకున్నారా ప్రభూ అని అడుగుతాడు.