లేని తమ్ముడికి వైద్యం

ఆ వీధిలో మాత్రలక్క అంటే తెలియని ఇల్లు లేదు. మందుల షాపు కౌంటరు వెనక పదిహేడేళ్ళుగా నిలబడుతోంది. ఏ డాక్టరు గీసిన కోడిగీతలనైనా తడుముకోకుండా చదివేస్తుంది. స్ట్రిప్పు కత్తిరించి, కవరు మీద పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని గుండ్రంగా రాసి, చేతికిచ్చే ముందు "ఏమన్నా తిన్నారా?" అని అడుగుతుంది. తినలేదంటే కసురుతుంది. ఆ కసురు కోసమే పని కట్టుకుని వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

ఒక్కరిని మాత్రం అడగదు. సోమవారం సోమవారం వచ్చే లిఫ్టు మెకానిక్కుని. తాగుడు మాన్పించే మాత్రలు అతనికి వారానికి సరిపడా ఇమ్మని చీటీ. అందరినీ పంపించాక గానీ అతని వంక చూడదు. చీటీ లాక్కుని, స్ట్రిప్పు విసిరినట్టు పెడుతుంది. చేజేతులా ఒళ్ళు గుల్ల చేసుకున్నవాడికి మర్యాద కూడానా అని ఆమె లెక్క. ఆ లెక్క వేస్తున్న రోజుల్లోనే ఆమె తెల్లకోటు జేబులో నొప్పి మాత్రలు ఉండేవి. మనుషులం, ఏం చేస్తాం.

మొదలైంది నడుంనొప్పితో. రోజంతా నిలబడే ఉద్యోగం. డాక్టరు పది రోజులకే రాసిచ్చాడు. పదకొండో రోజున కూడా నొప్పి వచ్చింది. అలాంటి బలమైన మాత్రలు ఉండే చిన్న బీరువా తాళంచెవి ఆమె మెడలోనే వేలాడుతోంది. ఏడాది తిరిగేసరికి నడుంనొప్పి పోయింది, మాత్ర పోలేదు. రోజుకి రెండు కాస్తా నాలుగైంది, నాలుగు తొమ్మిదైంది. కాస్త ఆలస్యమైతే చాలు, ముక్కు కారేది, కాళ్ళు లాగేవి. స్కూలు బస్సు నడిపే భర్త "మళ్ళీ జలుబా?" అనేవాడు. "ఊఁ" అనేది.

ఇలాగే ఇంకొన్నాళ్ళు నెట్టుకొచ్చేదేమో. కానీ ఒక మధ్యాహ్నం, బీపీ మాత్రలు వాడే పెద్దావిడ మోకాలికి కట్టుతో వచ్చింది.

"బాత్రూములో కళ్ళు తిరిగి పడ్డానమ్మా. ఈసారి మాత్ర రంగు మారినట్టుంది, ఒకసారి చూడు."

చూసింది. రెండింతల బలం ఉన్న మాత్ర. కవరు మీద గుండ్రటి రాత తనదే. "కంపెనీ మారింది పెద్దమ్మా" అని పచ్చి అబద్ధం ఆడి, స్ట్రిప్పు మార్చి ఇచ్చింది.

"నీ చేతి చలవ తల్లీ, ఇన్నాళ్ళు బతికున్నా" అంటూ ఆవిడ ఆ చెయ్యే పట్టుకుని మెట్టు దిగింది. మాత్రలక్క లోపలికి వెళ్ళి అట్టపెట్టెల మధ్య కూర్చుని కుమిలి కుమిలి ఏడ్చింది. ఏడ్చి, ఇంకో రెండు వేసుకుంది. రేపు ఎవరికేం ఇస్తానో అన్న భయం ఆనాటి నుంచి ఆమెను వదల్లేదు.

వైద్యం వేట మొదలైంది. ఊళ్ళో డాక్టర్లందరూ తెలిసినవాళ్ళే, అదే వచ్చిన చిక్కు. ఏ గదిలోకి వెళ్ళినా "ఏమ్మా, ఏదైనా స్టాకు లేదా?" అంటారు. అందుకని బయటి ఊళ్ళలో మత్తు మాన్పించే కేంద్రాలకి ఫోను చేసింది. నోరు పెగల్లేదు. పెగిలేసరికి "మా తమ్ముడికండీ" అని వచ్చింది. ఆమెకు తమ్ముడు లేడు. వాళ్ళమ్మకు ఆమె ఒక్కతే.

మొదటి చోట ఒక గంభీరమైన గొంతు, "మూణ్ణెల్లు మా దగ్గరే ఉండాలి. ఫోను ఇవ్వం, ఇంటివాళ్ళని కలవనివ్వం. రానంటే చెప్పండి, నలుగురిని పంపి ఎత్తుకొచ్చేస్తాం" అంది. లేని తమ్ముడి మీద జాలేసి ఫోను పెట్టేసింది. రెండో చోట "చెల్లెలైతేనో?" అని అడిగి చూసింది. "ఆడవాళ్ళకా! మా దగ్గర మగవాళ్ళకేనమ్మా" అని వాళ్ళే నొచ్చుకున్నారు. ఆడవాళ్ళకు ఇలాంటివి పట్టుకోవని ఎవరు చెప్పారో వాళ్ళకు. మూడోది ఒక కౌన్సెలరు. తీయటి గొంతు. "మనసు గట్టి చేసుకుంటే చాలండీ. రేపట్నుంచి ఒక్కటి కూడా ముట్టుకోవద్దనండి."

ముట్టుకోలేదు. రెండు రోజులు వాంతులు, విరేచనాలు, మంచం మీద కాళ్ళు కొట్టుకోవడం. మూడో రోజు పొద్దున మళ్ళీ జేబులో చెయ్యి పెట్టింది. మనసు గట్టి చేసుకోవడం సరే, కాళ్ళకేం చెప్పాలో ఆ పెద్దమనిషి చెప్పలేదు.

సోమవారం వచ్చింది. మెకానిక్కు ఎప్పటిలాగే చివర నిలబడ్డాడు. అతని చీటీ మీద డాక్టరు పేరుని ఆమె మొదటిసారి శ్రద్ధగా చదివింది.

"ఈ డాక్టరమ్మ బాగా చూస్తుందా?"

"ఎవరికక్కా?"

"మా తమ్ముడికి."

"మంచావిడక్కా. మాత్ర మానేశానని చెప్తే తిట్టదు, దాస్తేనే తిడుతుంది." చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు. "మొదటిసారి నేను కూడా మా బావమరిది కోసం అని చెప్పి వెళ్ళా. నాకింకా పెళ్ళే కాలేదు."

ఆమె డాక్టరమ్మ పేరు ఒక ఖాళీ కవరు మీద రాసుకుంది.

పక్క ఊళ్ళో ఉండే ఆ డాక్టరమ్మ గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, చప్పుడు చేసే ఫ్యాను. ఇక్కడా తమ్ముడే ముందు కూర్చున్నాడు.

"మీ తమ్ముడు రోజుకి ఎన్ని వేసుకుంటాడు?"

"తొమ్మిది."

"ఆఖరుసారి ఎప్పుడు?"

"పొద్దున ఏడింటికి. మూడు."

"కాళ్ళు లాగుతాయా?"

"లాగుతాయి."

"ఇప్పుడు కూడానా?"

బల్ల కింద ఆమె మోకాలు ఆగకుండా ఊగుతోంది. డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "సరే. తమ్ముణ్ణి ఇంటికి పంపించేద్దాం. మనిద్దరం మాట్లాడుకుందాం."

అన్నీ చెప్పేసింది. పెద్దావిడ మోకాలి సంగతి కూడా. డాక్టరమ్మ మెల్లగా వివరించింది. ఉన్నపళంగా మానకూడదు. వేరే మందు మీద నిలబెట్టి నెమ్మదిగా తగ్గించాలి, నెలలు పడుతుంది. వారానికోసారి కౌన్సెలరుతో గంటసేపు కూర్చోవాలి. మధ్యలో జారినా మొహం చాటెయ్యకూడదు, మళ్ళీ రావాలి.

"ఇంకో రెండు షరతులున్నాయి. ఈ మందు మీ దగ్గర ఉండకూడదు. ఇంకొకరు ఏ రోజుది ఆ రోజు ఇవ్వాలి. ఆ బీరువా తాళంచెవి కూడా మీ మెడలో ఉండకూడదు."

"ఓనరుకి చెప్తే ఉద్యోగం పోతుంది మేడం."

"పోవచ్చు" అంది డాక్టరమ్మ. "కానీ ఆ పెద్దావిడకి ఈసారి మోకాలితో పోయింది."

మర్నాడు షట్టరు ఎత్తగానే ఓనరుకి చెప్పింది. ముసలాయన. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"పదిహేడేళ్ళమ్మాయ్! నా కొడుక్కి కూడా ఇవ్వని తాళంచెవి నీకిచ్చా. ఆవిడ చచ్చిపోయుంటే? ఏం చేసేదానివి?"

ఆయన చెయ్యి చాచాడు.

"ఇలా తే. బయటికి నడు."

తాళంచెవి తీసి ఇచ్చింది. కౌంటరు పలక ఎత్తి బయటికి నడిచింది. ఇంటికి పోలేదు. జనం నిలబడే వైపు నిలబడి, డాక్టరమ్మ చీటీ కౌంటరు మీద పెట్టింది. చుట్టుపక్కల ఆ మందు దొరికేది ఈ షాపులోనే.

ఆయన ఆ కాగితం వంక చూడలేదు. దగ్గు మందు వాళ్ళు, షుగరు మాత్రల వాళ్ళు వచ్చారు. "అదేంటక్కా, ఇటున్నావ్?" అని ఒకరడిగారు. ఆయన ఒక్కొక్క పేరూ కూడబలుక్కుంటూ, అరలన్నీ వెతుక్కుంటూ అందరికీ ఇచ్చాడు. ఆమె వంక మాత్రం తలెత్తలేదు. ముప్పావుగంట పట్టింది. ఇంతసేపు ఇదే చోట ఎవరు నిలబడేవారో ఆమెకు తెలుసు.

అందరూ పోయాక చీటీ తీసుకుని చదివాడు.

"నీ చేతికివ్వొద్దని రాసుంది. మీ ఆయనకి తెలుసా?"

"లేదండి."

"సాయంత్రానికి చెప్పు. మందు నా దగ్గరుంటుంది. రోజూ పొద్దున్నే వచ్చి, నా ఎదురుగా వేసుకుని పో. ఇటు కాదు, అటు వైపే నిలబడి. ఉద్యోగం సంగతి నన్నడక్కు."

ఒక్క మాత్ర కత్తిరించాడు. మాత్ర అందించబోయి ఆగాడు. ఇంకా ఆమె మొహం చూడటం లేదు.

"ఏమన్నా తిన్నావా?"

ఎన్ని వేలమందిని అడిగిందో ఆ మాట. సోమవారం వచ్చే మనిషిని ఒక్కనాడు కూడా అడగలేదు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"లేదండి."

"తినిరా. అందాకా ఇవ్వను."

పక్కనున్న టీకొట్టులో బన్ను తీసుకుని, అక్కడే నిలబడి, ఏడుస్తూ తింది.